పేరు దాచి చదవడమా, చిన్న పని ఇచ్చి చూడడమా: ఇంటర్వ్యూ పిలుపులకు ఏది మేలు?

ఒక్క ఉద్యోగానికి మూడు వందల దరఖాస్తులు వచ్చి, పదిమందిని మాత్రమే ఇంటర్వ్యూకు పిలవగలిగినప్పుడు, అసలు పోటీ ఆ వడపోతలోనే ముగిసిపోతుంది. రెజ్యూమెలను వరసగా తిరగేసి, నచ్చినవాటిని పక్కన పెట్టడం అందరికీ అలవాటైన పద్ధతే గాని, అందులో న్యాయం పాలు తక్కువ. ఆర్థికవేత్తలు మరియాన్ బర్ట్రాండ్, సెంథిల్ ములైనాథన్ అమెరికా నగరాలైన బోస్టన్, చికాగోలలోని ఉద్యోగ ప్రకటనలకు దాదాపు 5,000 కల్పిత రెజ్యూమెలు పంపి 2004లో ఫలితాలు ప్రచురించారు. శ్వేతజాతీయులవిగా తోచే పేర్లకు, నల్లజాతీయులవిగా తోచే పేర్లకన్నా సుమారు 50 శాతం ఎక్కువగా పిలుపులు వచ్చాయి.

అలాగైతే పేరు దాచేస్తే సరిపోదా? కొంతవరకే. చదివిన కళాశాల, ఉద్యోగంలో వచ్చిన విరామం, చిరునామా వంటివి దాచిన సంగతిని బయటపెడుతూనే ఉంటాయి. పైగా ఫ్రాన్స్‌లో జరిగిన ఒక ప్రయోగంలో పేర్లు తీసేశాక వలస కుటుంబాల అభ్యర్థులకు పిలుపులు పెరగకపోగా తగ్గాయి. అందులో స్వచ్ఛందంగా పాల్గొన్న సంస్థలు, అభ్యర్థి నేపథ్యం తెలిస్తే రెజ్యూమెలోని లోటును కాస్త ఉదారంగా చూసేవేమోనని పరిశోధకులు భావించారు.

సాఫ్ట్‌వేర్‌కు అప్పగించడం గురించి ఎక్కువ చెప్పనక్కర్లేదు. పాత నియామకాలను చూసి నేర్చుకున్న యంత్రం పాత పక్షపాతాన్నే నేర్చుకుంటుంది. అమెజాన్ తయారుచేసిన అలాంటి సాధనం మహిళల రెజ్యూమెలకు మార్కులు తగ్గించిందని, దాన్ని సంస్థ పక్కన పెట్టేసిందని 2018లో వెల్లడైంది.

నా ఓటు పని ఇచ్చి చూడడానికే. వినియోగదారుల సేవా విభాగంలో ఉద్యోగమైతే, కోపంగా వచ్చిన ఒక ఫిర్యాదు ఉత్తరాన్ని పంపి, అరగంటలో జవాబు రాయమనవచ్చు. అసలు సమస్యను పట్టుకున్నారా, ఎప్పటిలోగా పరిష్కరిస్తారో చెప్పారా, తప్పును వినియోగదారు మీదికి నెట్టకుండా రాశారా అన్న కొలతలను జవాబులు తెరవకముందే రాసిపెట్టుకోవాలి. జవాబు మీద పేరుకు బదులు ఒక సంఖ్య మాత్రమే ఉండాలి. ఇద్దరు వేర్వేరుగా మార్కులు వేసి, ఆ తరువాతే మాట్లాడుకోవాలి.

దీనికీ ఖర్చుంది. రెండు రోజుల పని అప్పగిస్తే, పసిపిల్లలున్నవారూ ఇప్పటికే ఉద్యోగం చేస్తున్నవారూ మొదటే తప్పుకుంటారు (అంత పని చేయించుకుని డబ్బివ్వకపోవడం వెట్టిచాకిరీయే). మూడు వందల జవాబులు దిద్దడం కూడా అయ్యే పని కాదు. అందువల్ల తప్పనిసరి అర్హతలు లేనివారిని ముందుగా తీసేసి, మిగిలినవారు ఇంకా ఎక్కువగా ఉంటే చీటీలు వేసి నలభై మందికి పని పంపడం నయం. చీటీ ప్రతిభను చూడదన్నది నిజమే. కానీ రెండు వందలవ రెజ్యూమె దగ్గర అలసిపోయిన కళ్లు కూడా ప్రతిభను చూడవు, పైగా వాటికి ఇష్టాయిష్టాలుంటాయి.