క్రోషియాతో అల్లిన ఇంటి చెప్పులు: చాలాకాలం వాడాక నా అభిప్రాయం

పాలరాయో గ్రానైటో పరిచిన ఇళ్లలో, డిసెంబరు, జనవరి నెలల్లో తెల్లవారుజామున నేల మీద పాదం మోపడానికి జంకేవారికి క్రోషియాతో అల్లుకున్న చెప్పులు నిజంగానే పనికొస్తాయి. అయితే అడుగుభాగం సంగతి ముందే ఆలోచించుకోకపోతే, పైభాగం ఎంత అందంగా అల్లినా అవి ఒక్క చలికాలం కూడా నిలవవు. హైదరాబాదులోని మా ఇంట్లో నేనూ, మా అత్తగారూ కొన్నేళ్లుగా చలికాలమంతా వీటినే తొడుక్కుంటున్నాము.

కొత్తగా నేర్చుకునేవారు మొదటి పనిగా ఈ చెప్పులు ఎంచుకోవచ్చు. వేళ్ల వైపు నుంచి మొదలయ్యే నమూనా అన్నిటికంటే తేలిక. నాలుగు పోగుల అక్రిలిక్ ఊలును రెండు దారాలు కలిపి పట్టుకుని, 5 మి.మీ. క్రోషియా సూదితో మ్యాజిక్ రింగ్‌లో (లాగితే బిగుసుకునే దారపు ఉచ్చులో) 6 సింగిల్ క్రోషేలు (పొట్టి కుట్లు) వేసి, తర్వాతి చుట్లలో వాటిని 12, 18, 24గా పెంచి, ఆ 24 కుట్లతోనే గొట్టంలా పాదం మధ్య దాకా అల్లుకుంటూ పోవాలి. అక్కడి నుంచి పాదం పైన పడే 6 కుట్లను వదిలేసి, మిగిలిన 18 కుట్లను అటూ ఇటూ తిప్పుతూ మడమ దాకా వరసలుగా అల్లి, చివరి వరసను సగానికి మడిచి వెనక కుట్టేస్తే చెప్పు తయారవుతుంది. ఇవి మధ్యస్థంగా ఉండే ఆడవారి పాదానికి సరిపోయే లెక్కలు. రెండు చెప్పులకూ కలిపి వంద గ్రాముల ఊలు ఇంచుమించుగా సరిపోతుంది. చుట్టు ఎక్కడ మొదలైందో తెలియడానికి మొదటి కుట్టులో ఒక పిన్నీసు గుచ్చుకోవాలి. వరసల్లోకి వచ్చాక ప్రతి వరస చివరా 18 లెక్క చూసుకోవాలి. చివరి కుట్టు కంటికి సులభంగా ఆనదు కాబట్టి, దాన్ని వదిలేస్తూ పోతే మడమ దగ్గరకు వచ్చేసరికి చెప్పు సన్నబడిపోతుంది. నలుపు, ముదురు నీలం రంగుల్లో కుట్లు కనిపించవు కనుక మొదటి జతకు లేత రంగే మేలు. వీడియోలు చూసి నేర్చుకునేవారు మరొకటి గమనించాలి: అమెరికా పద్ధతిలో సింగిల్ క్రోషే అనే కుట్టునే బ్రిటిష్ పద్ధతిలో డబుల్ క్రోషే అంటారు, ఏ పద్ధతో చూసుకోకుండా అల్లితే కొలతలన్నీ మారిపోతాయి.

మా అత్తగారిది పశ్చిమ గోదావరి జిల్లా నరసాపురం దగ్గరి ఊరు. 2024లో భౌగోళిక గుర్తింపు పొందిన నరసాపురం లేసు అల్లే ఇళ్ల మధ్య పెరిగిన మనిషి కావడంతో, నేను అల్లిన మొదటి జతను వెలుతురుకు పట్టి చూసి, "ఇది లేసు కాదమ్మా, చలి ఆగొద్దూ?" అన్నారు. ఆ మాట అక్షరాలా నిజం. సన్నని నూలు దారంతో, సన్నని సూదితో అల్లే లేసులో అందమంతా ఖాళీలలో ఉంటుంది. చెప్పులో ఖాళీ ఉంటే అందులోంచి నేల చలి నేరుగా అరికాలికి తగులుతుంది. అందుచేత ఊలు ఉండ మీద రాసి ఉన్న కొలత కంటే ఒక మెట్టు తక్కువ సూది తీసుకుని బిగువుగా అల్లడం మంచిది. చెయ్యి కొంచెం నొప్పి పుడుతుంది, అంతే.

కొలత విషయంలో పాదం పొడవుకు ఒకటిన్నర, రెండు సెంటీమీటర్లు తక్కువగానే ఆపేయాలి. తొడిగిన కొద్ది వారాల్లోనే అల్లిక సాగి పాదానికి సరిపోతుంది. సరిగ్గా పాదమంత అల్లినవి నడుస్తుంటే మడమ దగ్గర జారిపోతాయి. పై అంచు లోపలి నుంచి సన్నని ఎలాస్టిక్ ఒకటి దూర్చి ముడివేస్తే ఆ ఇబ్బంది చాలావరకు తీరుతుంది.

నూలు, ఊలు, అక్రిలిక్ మూడింటితోనూ అల్లుకుని వాడాము. నూలు చెప్పులు పాదానికి హాయిగా ఉంటాయి గాని సాగితే మళ్లీ దగ్గరకు రావు, ఉతికితే ఆరడానికి చాలాసేపు పడుతుంది. అసలైన ఊలు వెచ్చదనంలో అన్నిటికంటే మిన్న, కానీ వేడినీటిలో పడి నలిగితే పీచు పెనవేసుకుని ముడుచుకుపోతుంది. అక్రిలిక్ చవక, ముడుచుకోదు, త్వరగా ఆరుతుంది. రాపిడికి పైన చిన్న చిన్న ఉండలు కడుతుంది, ఇస్త్రీపెట్టె తగిలితే మెత్తబడి ఆకారం పోగొట్టుకుంటుంది. మడమలు పగిలినవారికి అక్రిలిక్‌తో మరో చికాకు ఉంది: పగుళ్ల అంచులకు సన్నని పోగులు పట్టుకుని, చెప్పు విప్పేటప్పుడు చర్మం చురుక్కుమంటుంది. మా అత్తగారు రాత్రిపూట వ్యాజిలిన్ రాసుకుని, పైన పల్చని నూలు మేజోళ్లు వేసుకుని, ఆ తర్వాతే చెప్పులు తొడుగుతారు.

ఇక అడుగుభాగం. నునుపైన పలకల మీద వట్టి ఊలు అడుగు ప్రమాదకరమనే చెప్పాలి, ముఖ్యంగా పెద్దవయసువారికి. తడిగుడ్డ పెట్టిన నేల మీదా, బాత్రూములోనూ వీటితో నడవనే కూడదు. వేడి జిగురు చుక్కలు అంటించే ఉపాయం చాలామంది చెబుతారు; అవి కొన్నాళ్లు పట్టునిస్తాయి గాని, కొన్ని ఉతుకులయ్యాక పొరలుగా ఊడివచ్చాయి. పైగా వట్టి ఊలు అడుగు బొటనవేలి మెట్ట కింద, మడమ కింద మొదట పల్చబడి, ఆ తర్వాత చిల్లులు పడుతుంది. నాకు నిలిచిన పద్ధతి ఒకటే: అట్ట మీద పాదం గీసుకుని, ఆ కొలతకు పల్చని రబ్బరు షీటు కత్తిరించి, మా వీధిలో చెప్పులు కుట్టే ఆయన చేత ఆరెతో అంచు చుట్టూ రంధ్రాలు వేయించుకున్నాను. ఆ రంధ్రాల్లోంచి సూది దూర్చి ఒక వరస అల్లి, దాన్ని చెప్పు అడుగుకు కలిపి కుట్టాను. ఊలు అరిగిపోతే రబ్బరు విప్పి కొత్త జతకు తొడగవచ్చు; నా దగ్గరున్న రబ్బరు అడుగులు ఇప్పటికే పైభాగాలు మార్చుకున్నాయి. దీనివల్ల ఇంట్లో ఒక తగవు కూడా వచ్చింది. అప్పటిదాకా మేజోళ్ల కిందే లెక్కగట్టి వాటితో వంటింట్లోకి, దేవుడి గది దాకా తిరిగిన అత్తగారు, రబ్బరు తొడిగిన రోజు నుంచి అవి చెప్పులేనని తేల్చి గడప బయటే విడుస్తున్నారు.

డబ్బు ఆదా అవుతుందని మాత్రం ఎవరూ అల్లనక్కరలేదు. ఊలు, సూది, రబ్బరు, కుట్టుకూలి కలిపితే బజారులో దొరికే మెత్తని చెప్పుల ధరకు దగ్గరగానే వస్తుంది, అల్లే సాయంత్రాలు వేరే లెక్క. ఒక పాదం వెడల్పుగా, మరొకటి వాచి ఉండేవారికి బజారు చెప్పులు సరిపడవు. అలాంటివారికి రెండు కుట్లు పెంచి ఒక్కో పాదానికి ఒక్కో కొలతతో అల్లి ఇవ్వగలగడం దీని అసలు ప్రయోజనం. తివాచీ పరిచిన ఇళ్లలో ఉండే అమెరికా బంధువులకు పంపిన జతలకు నేను రబ్బరు తొడగలేదు, అక్కడ అవసరం పడలేదు. కర్రపలకల నేల ఉన్న ఇంటికి పంపిన జతకు మాత్రం తొడిగాను.