వీధిని పిల్లల చేత కట్టించే ‘బ్లాక్ బై బ్లాక్’ తిరుపతి స్కూళ్లకు పనికొస్తుందా?

దిమ్మెలు పేర్చి కట్టుకునే కంప్యూటర్ ఆట మైన్‌క్రాఫ్ట్‌లో పార్కునో వీధినో పిల్లలతోనే కట్టించి, ఆ నమూనాను అధికారుల ముందు పెట్టే పద్ధతి ‘బ్లాక్ బై బ్లాక్’. ఐక్యరాజ్యసమితిలో నగరాల సంగతి చూసే యూఎన్-హాబిటాట్, ఆ ఆటను తయారుచేసిన మోజాంగ్ కలిసి 2012లో మొదలుపెట్టాయి. మార్గదర్శిని ఉచితం, ఆట మాత్రం కొనుక్కోవాలి. కొర్లగుంటలోనో బైరాగిపట్టెడలోనో ఓ స్కూలు దీన్ని ఎత్తుకుంటే ఏది కలిసొస్తుంది, ఏది బెడిసికొడుతుంది అన్నదే ఇక్కడి లెక్క.

కలిసొచ్చేది కొలత. ఆటలో ఒక దిమ్మె అంటే ఒక మీటరు. తొమ్మిది మీటర్ల రోడ్డుకు తొమ్మిది దిమ్మెలు. ప్లాను కాగితం ముందు నోరు విప్పని పిల్లలు కూడా తెర మీద చూసేసరికి ‘ట్రాన్స్‌ఫార్మర్ పక్కన బెంచీ ఏంది?’ అని నిలదీస్తారు.

అయితే ఉన్న వీధిని పెద్దవాళ్లు ముందే కట్టిపెట్టాలి. 30 మీటర్ల టేపుతో గోడ నుంచి గోడకు, కాలవ అంచు, కరెంటు స్తంభాలు, చెట్లు, గేట్లు కొలిచి, గ్రాఫు కాగితం మీద గడికో మీటరు లెక్కన దించాలి. ఈ పని ఎగ్గొట్టి ఖాళీ పచ్చిక మీద వదిలేస్తే పిల్లలు కట్టేది ఈతకొలను, రోలర్ కోస్టర్. తప్పు వాళ్లది కాదు. కంప్యూటర్‌కు ముగ్గురు చాలు. పావుగంటకోసారి మౌస్ చేతులు మారాలి, లేదంటే ఆట ముందే వచ్చినవాడే ఊరంతా కట్టేస్తాడు.

అసలు లోపం చిన్న ఎత్తుల దగ్గర. ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ నిబంధనలో ఫుట్‌పాత్ ఎత్తు 15 సెంటీమీటర్లు మించకూడదు, నడిచే వెడల్పు కనీసం 1.8 మీటర్లు ఉండాలి. ఆటలో అర దిమ్మె అంటేనే 50 సెంటీమీటర్లు. పైగా ఆటలోని మనిషి 60 సెంటీమీటర్ల మెట్టునైనా ఎగరకుండానే ఎక్కేస్తాడు. కాబట్టి చక్రాల కుర్చీకి, చంటిపిల్లల బండికి అడ్డమయ్యే గట్టు పిల్లల కంట పడదు. మంచు పొర ఒకటి పరిస్తే 12.5 సెంటీమీటర్లు. ఫుట్‌పాత్ అంచుకు అదే దగ్గరి ఉపాయం. తిరుపతిలో మంచు పరవడం నవ్వొచ్చే మాటే అయినా పని జరుగుతుంది.

కంటి ఎత్తు ఇంకో చిక్కు. ఆటలో అది 1.62 మీటర్లు, అంటే పెద్దవాళ్ల చూపు. మైన్‌క్రాఫ్ట్‌లో కంప్యూటర్ల కోసం ఉన్న ‘జావా ఎడిషన్’ రకంలో వంగి నడిస్తే 1.27కి దిగుతుంది, పదేళ్ల పిల్లల కంటికి దగ్గర. నిలిపిన జీపుల వెనక నుంచి రోడ్డు కనిపిస్తుందా లేదా అన్నది అలా వంగి చూస్తేనే తేలుతుంది. మీ వీధిలో నిజంగా నీడ ఎక్కడ పడుతుందో ఆట చెప్పదు. సాయంత్రం నాలుగింటికి పిల్లల్ని వీధిలోకి తీసుకెళ్లి, నీడ పడిన అంచులను సుద్దముక్కతో గీయించి, బెంచీలు ఎక్కడో ఆ తర్వాతే తేల్చాలి.

ల్యాబ్ మొత్తానికీ లైసెన్సులు కొనడం దండగ. మైన్‌క్రాఫ్ట్ లాంటిదే ‘లువాంటి’ ఉచితం (పాత పేరు మైన్‌టెస్ట్), పాత కంప్యూటర్లలోనూ నడుస్తుంది, దిమ్మె కొలతా అదే. ఒక కంప్యూటర్‌ను సర్వర్‌గా పెడితే మిగతావి ల్యాబ్ నెట్‌వర్క్ మీదే కలుస్తాయి. కలవకపోతే సర్వర్ కంప్యూటర్ ఫైర్‌వాల్‌లో (బయటి కనెక్షన్లను ఆపే రక్షణలో) యూడీపీ 30000 పోర్టు తెరిచి ఉందో లేదో చూడండి. లువాంటి ఆటలను నడిపే ఇంజిన్ మాత్రమే; 5.8 వెర్షన్ నుంచి ‘మైన్‌టెస్ట్ గేమ్’ లాంటి ఆటను విడిగా దించుకోవాలి. ల్యాబ్‌లో నెట్ లేకపోతే ముందురోజే దించి పెట్టుకోవాలి, లేదంటే తెర మీద ఖాళీ జాబితా తప్ప ఏమీ ఉండదు. ‘మైన్‌టెస్ట్ గేమ్’లో మంచు పొర 25 సెంటీమీటర్లు, వంగినా చూపు దిగదు. పై రెండు ఉపాయాల కోసం ఒక్క కంప్యూటర్‌లో మైన్‌క్రాఫ్ట్ ఉంచుకుంటే చాలు.

కార్పొరేషన్ ఇంజినీరుకు స్క్రీన్‌షాట్లు ఒక్కటే ఇస్తే పక్కన పెట్టేస్తారు. పిల్లలు దిమ్మెలు లెక్కపెట్టి రాసిన పట్టిక జతచేయండి: ఫుట్‌పాత్ ఇన్ని మీటర్లు, కాలవపై మూత పలకలు ఇన్ని, మొక్కలు ఇన్ని, స్పీడ్‌బ్రేకర్ ఏ ఇంటి గేటు ముందు. ఎస్టిమేటు వేయడానికి వాళ్లకు కావాల్సింది ఆ పట్టికే.