కోంక్‌లో అయిదు నిమిషాల నడక

"గది నుంచి మఠం చర్చికి అయిదు నిమిషాల నడక" అని అద్దె గది ప్రకటనలో రాశారు. పటంలో కొలిచి చూసుకున్నాను, అర కిలోమీటరు. ఆ అర కిలోమీటరు నిటారుగా ఉంటుందని పటం చెప్పదు.

ఫ్రాన్స్ దక్షిణాన అవేరోన్ ప్రాంతంలో, దూర్దూ నదిలో ఊష్ వాగు కలిసే చోట, కొండవాలును కరచుకుని ఉన్న ఊరు కోంక్. లోయ గవ్వ ఆకారంలో ఉందని లాటిన్ 'కోంకా' నుంచి ఆ పేరు వచ్చిందంటారు. మా గది ఆ గవ్వ అడుగున, 'రోమన్ వంతెన' పక్కన. అదీ రోమన్లు కట్టినది కాదు, యాత్రికుల పాత పేరు 'రొమియు' అలా మారిందట. ఇక్కడ పేర్లను కూడా నమ్మకూడదు.

రొదెజ్ స్టేషన్ నుంచి టాక్సీకి 95 యూరోలు పోశాం. గది 78. దుప్పట్లకు మనిషికి 9, తువ్వాళ్లకు 4 అదనమని తాళం ఇచ్చేటప్పుడు చెప్పారు. టూలూజ్‌లో మా ఇంటికి వచ్చిన అమ్మకు అరవై తొమ్మిదేళ్లు, మోకాళ్ల నొప్పులు. రాళ్లు పరచిన షార్లమాన్ వీధి ఎక్కడానికి ముప్పై అయిదు నిమిషాలు పట్టింది. రెండోసారి కూలబడ్డాక ఆమె నాతో మాట్లాడడం మానేసింది. సాయంత్రం గది యజమానిని అడిగితే, "వందల ఏళ్లుగా స్పెయిన్‌లోని సాంతియాగోకు వెళ్లే యాత్రికులు నడిచే దారే కదా" అన్నాడు. నడుస్తారు నిజమే. కానీ యాత్ర మొదలయ్యే లె ప్వీ పట్టణం నుంచి వచ్చేవాళ్లు ఊళ్లోకి పైనుంచి వచ్చి, ఈ వీధిలో దిగి వెళ్లిపోతారు. ఎక్కవలసిన కర్మ మాది.

అలిగిన అమ్మను మాట్లాడించినది అలిగో. ఉడికించిన బంగాళాదుంపలో పచ్చి జున్ను, వెల్లుల్లి వేసి తీగలు సాగేదాకా కలుపుతారు. ప్లేటు 14 యూరోలు. సాసేజ్ వద్దని ముందే చెప్పాలి. చెంచా ఎత్తితే జానెడు పైకి సాగింది. "మజ్జిగ మిరపకాయ ఉంటేనా!" అంది.

చర్చి వాకిలి మీద 12వ శతాబ్దపు తీర్పు దినం శిల్పం ఉంది. 124 బొమ్మలు, కొన్నిటి మీద పాత రంగు ఇంకా అంటుకుని ఉంది. నరకం వైపు మెడలో డబ్బు సంచితో ఉరికి వేలాడుతున్న లోభిని చూసి, "మన గది యజమానే" అంది అమ్మ. మఠం నిధిని ఉంచిన గదిలో అమ్మను కట్టిపడేసినది బాల సాధ్వి సెంత్ ఫ్వా బంగారు విగ్రహం. ఆ సాధ్వి అస్థికలను 9వ శతాబ్దంలో ఇక్కడి సన్యాసి ఒకరు అజాన్ పట్టణం నుంచి దొంగిలించి తెచ్చాడన్నది కథ. వాటి పుణ్యానే ఊరు బాగుపడింది. ఫ్రెంచి విప్లవ కాలంలో ఊరివాళ్లు ఆ నిధిని ఇళ్లలో దాచి, తరువాత తిరిగి తెచ్చి ఇచ్చారట. దుప్పట్లకు 9 యూరోలు అడిగిన ఊళ్లోనే!

చర్చి కిటికీలు 104. రొదెజ్‌లో పుట్టిన చిత్రకారుడు పియేర్ సులాజ్ చేసినవి, 1994లో పూర్తయ్యాయి. రంగులు లేని అద్దాలు. ఉదయం నీలి ఛాయ, సాయంత్రం పసుపు. అరగంట కూర్చోకపోతే తెలియదు.

రెండో రాత్రి డబ్బు తిరిగి రాలేదు. పోతే పోయిందని పైకి మారాం, 92 యూరోలు, దుప్పట్లు కలిపి. గది తీసుకునే ముందు దూరం అడగకండి, పైనా కిందా అని అడగండి. అమ్మ ఆ రోజు చర్చికి మూడుసార్లు వెళ్లింది. మూడోసారి ఆ లోభి కోసమే.