అయిదో సైజు ఫుట్‌బాల్, మూడు రకాలు: ఏళ్ల వాడకం తరవాత

2016 యూరో కప్‌లో జూన్ 19న లీల్‌లో జరిగిన ఫ్రాన్స్, స్విట్జర్లాండ్ మ్యాచ్ 0-0తో ముగిసింది. గోల్ పడని మ్యాచ్ ఎవరికీ గుర్తుండదు. ఇది మాత్రం ఇప్పటికీ కబుర్లలోకి వస్తూనే ఉంటుంది. స్విస్ ఆటగాళ్ల జెర్సీలు ఒకదాని వెనక ఒకటి చిరిగిపోయాయి, అది చాలదన్నట్టు ఇద్దరు ఆటగాళ్ల కాళ్ల మధ్య నలిగి బంతి పేలింది. జెర్సీల విషయంలో నూలులో లోపం ఉందని తయారీ సంస్థ ఒప్పుకుంది. బంతి సంగతి నవ్వుల్లో కలిసిపోయింది. అంతకు చాలా ముందే, 1946, 1947లలో ఇంగ్లండ్ ఎఫ్ఏ కప్ ఫైనళ్లు రెండింటిలోనూ బంతి పేలింది.

బంతి గురించి వచ్చే వింత వార్త ఏదైనా తీసుకోండి, తీగ లాగితే చివరికి గాలి దగ్గరో, కుట్టు దగ్గరో, పైపొర దగ్గరో తేలుతుంది. మనం కొనే బంతి పాడయ్యేదీ ఆ మూడు చోట్లే. ఇక్కడ చెప్పేది ఒక బ్రాండు గురించి కాదు. ఒకే లోగోతో మూడు రకాల బంతులు అమ్ముతారు కాబట్టి, బ్రాండు పేరు చూసి మంచీ చెడ్డా తేల్చలేం. మిషన్ కుట్టు బంతి, చేతి కుట్టు బంతి, కుట్టే లేకుండా వేడితో అతికించిన బంతి: ఈ మూడూ గడ్డి మీద, టర్ఫ్ మీద, గట్టి నేల మీద చాలా కాలం వాడాక తేలిన విషయాలు ఇవి.

ముందు కొలతలు. నిబంధనల ప్రకారం అయిదో సైజు (పెద్దవాళ్ల మ్యాచ్‌లలో వాడే) బంతి చుట్టుకొలత 68 నుంచి 70 సెంటీమీటర్లు, బరువు మ్యాచ్ మొదలయ్యేటప్పటికి 410 నుంచి 450 గ్రాములు, లోపలి గాలి 8.5 నుంచి 15.6 పీఎస్ఐ (గాలి ఒత్తిడి కొలత). ప్రపంచ ఫుట్‌బాల్ సంస్థ ఫిఫా పరీక్షించి ఇచ్చే క్వాలిటీ ప్రో ముద్ర ఉంటే లెక్క ఇంకా బిగుస్తుంది: బరువు 420 నుంచి 445 గ్రాములు, చుట్టుకొలత 68.5 నుంచి 69.5 సెంటీమీటర్లు. ఆ ముద్ర కోసం బంతిని గంటకు 50 కిలోమీటర్ల వేగంతో ఉక్కు పలక మీదికి 2,000 సార్లు కొడతారు, నీళ్లలో నొక్కి ఎంత పీల్చిందో తూస్తారు, 72 గంటలు వదిలేసి గాలి ఎంత దిగిందో చూస్తారు. ముద్ర కేవలం అలంకారం కాదని వాడకంలో తెలుస్తుంది. తడి నేల మీద అరగంట ఆడాక ముద్ర లేని చవక బంతి కాలికి బరువుగా తగులుతుంది. ముద్ర ఉన్నదానిలో ఆ తేడా పెద్దగా కనిపించదు.

మిషన్ కుట్టు బంతి చవక. లోపలి గుడ్డ లైనింగ్ పలచన, దారం సన్నం. ఇది హఠాత్తుగా పేలి చావదు, మెల్లగా ఆకారం తప్పుతుంది. టేపు తీసుకుని మూడు దిక్కుల్లో చుట్టుకొలత తీయండి. మూడింటి మధ్య తేడా సెంటీమీటరు దాటిందంటే బంతి దొర్లేటప్పుడు పక్కకి లాగడం మొదలైనట్టే. ఎక్కువ బంతులు ఇలా కావడానికి కారణం ఆట కాదు, బ్రేకులో దాని మీద కూర్చోవడం! మనిషి బరువంతా ఒకే చోట పడితే లైనింగ్ గుడ్డ సాగుతుంది, సాగిన గుడ్డ మళ్లీ వెనక్కి రాదు. ప్రాక్టీసుకి పది బంతులు కావాలంటే మిషన్ కుట్టువే తీసుకోండి, తప్పులేదు. మ్యాచ్‌కి మాత్రం వద్దు.

నాకు నచ్చింది చేతి కుట్టు. పాకిస్తాన్‌లోని సియాల్‌కోట్ ఈ పనికి ప్రపంచంలోనే పేరున్న ఊరు. మంచి చేతి కుట్టు బంతిలో మైనం పట్టించిన పాలియెస్టర్ దారం, కనీసం మూడు నాలుగు పొరల లైనింగ్ ఉంటాయి. 32 ముక్కల పాత నమూనా (12 పంచభుజులు, 20 షడ్భుజులు) ఇప్పటికీ కొట్టినవైపే వెళ్తుంది. 1970 ప్రపంచకప్‌లో టెల్‌స్టార్ బంతికి ఈ నలుపు తెలుపు రంగులు వేసింది నలుపు తెలుపు టీవీల్లో స్పష్టంగా కనిపించాలని. టీవీలు రంగుల్లోకి మారి ఎన్నాళ్లయినా, ఫుట్‌బాల్ బొమ్మ గీయమంటే పిల్లలు ఇప్పటికీ దాన్నే గీస్తారు.

చేతి కుట్టులో లోపం ఒక్కటే: నీళ్లు. కుట్టు సందుల్లోంచి తడి లోపలి లైనింగ్‌కి చేరుతుంది. ఆడాక పొడి గుడ్డతో తుడిచి, నీడలో, గాలి తగిలే చోట పెట్టాలి. ఎండలో పెడితే పైన ఉన్న పీయూ (పాలీయురెథేన్ అనే ప్లాస్టిక్) పొర గట్టిపడి కుట్టు పక్కనే సన్నగా పగుళ్లు వస్తాయి. ఆ పగుళ్లలోంచి ఈసారి ఇంకా ఎక్కువ నీళ్లు పీలుస్తుంది. దారం ఒకచోట తెగితే వెంటనే వాడకం ఆపండి. రెండు కుట్లు ఊడినప్పుడే సరిచేస్తే బంతి బతుకుతుంది. అలాగే ఆడితే బ్లాడర్ (లోపల గాలి నింపే రబ్బరు సంచి) ఆ సందులోంచి బుడగలా ఉబ్బి బయటికొస్తుంది, ఎవరి బూటు స్టడ్ తగిలినా ఢామ్మంటుంది.

అతికించిన బంతి చూడ్డానికి బాగుంటుంది, గుండ్రంగా ఉంటుంది, నీళ్లు దాదాపు పీల్చదు. ప్రపంచకప్‌లలో 2006 టీమ్‌గైస్ట్‌తో ఈ పద్ధతి వచ్చింది: 14 ముక్కలు, వేడితో అతుకు. 2010లో ముక్కలు ఎనిమిదికి తగ్గించి జబులాని తెచ్చారు. గోల్‌కీపర్లు గగ్గోలు పెట్టారు. కాసియాస్, జూలియో సీజర్ లాంటివాళ్లు బాహాటంగానే తిట్టారు. వాళ్లది సాకు కాదు. బంతి మీద అతుకుల గాడి మొత్తం పొడవు తగ్గితే ఉపరితలం నున్ననవుతుంది. నున్నటి బంతి చుట్టూ గాలి ప్రవాహం ఒక వేగం దగ్గర ఉన్నట్టుండి స్వభావం మార్చుకుంటుంది. జబులానిలో ఆ వేగం గంటకు 70, 80 కిలోమీటర్ల ప్రాంతంలో పడింది, అంటే సరిగ్గా ఫ్రీకిక్ వేగం. స్పిన్ లేకుండా కొడితే గాల్లోనే అటూ ఇటూ ఊగింది. అతుకుల మొత్తం పొడవు జబులానిలో సుమారు రెండు మీటర్లు. 2014 బ్రజూకాలో ముక్కలు ఆరే అయినా, వంకర అంచుల వల్ల అది మూడు మీటర్లు దాటింది. ఫిర్యాదులు సద్దుమణిగాయి.

ఇది మనకెందుకంటే, అతికించిన బంతి కొత్తలో చక్కగా వెళ్లి, పైనున్న గరుకు అరిగాక ఊగడం మొదలెడుతుంది. గట్టి నేల మీద ఆడేవాళ్లకి ఇది త్వరగా వస్తుంది. వేలితో రాసి చూడండి: చుక్కల గరుకు తగలకపోతే లాంగ్ షాట్ల మీద నమ్మకం తగ్గించుకోండి. ఇంకో తంటా, ముక్కల అంచులు లేవడం. మొదట గోరు దూరేంత సందు కనిపిస్తుంది. దాన్ని సూపర్ గ్లూతో అంటిస్తే ఎండాక గాజులా గట్టిపడి, వంగలేక, తన్నిన చోటే పక్కన కొత్తగా చీలుతుంది. వంగే గుణమున్న పీయూ జిగురు పలచగా రాసి, బంతిలో గాలి సగం ఉంచి, గుడ్డ పట్టీతో బిగించి ఒక రోజు వదలాలి. అదీ కొన్నాళ్ల ముచ్చటే.

ఇక అసలు విషయం గాలి. చూసినంతలో బంతులు తన్నుల వల్ల చచ్చేది తక్కువ, గాలి వల్లే ఎక్కువ. బ్లాడర్ రెండు రకాలు. బ్యూటైల్ రబ్బరు గాలిని బాగా పట్టి ఉంచుతుంది, వారం రెండు వారాలకోసారి చూసుకుంటే చాలు. లేటెక్స్ బ్లాడర్ కాలికి మెత్తగా, చురుగ్గా తగులుతుంది కానీ ఒకటి రెండు రోజుల్లోనే గాలి దిగుతుంది, ప్రతి మ్యాచ్ ముందూ కొట్టాల్సిందే. అలా దిగడం లోపం కాదు, లేటెక్స్ గుణమే అంత. ఇది తెలియక మంచి బంతిని పంక్చరనుకుని మూలన పడేసేవాళ్లు కోకొల్లలు. ఖర్చు పెట్టేముందు బ్లాడర్ ఏదో పెట్టె మీద చదవండి.

గాలి కొలిచే గేజ్ కొనకుండా బొటనవేలితో నొక్కి చూసే అలవాటు మానుకోవడం మంచిది. వేలికి 8 పీఎస్ఐకీ 12కీ తేడా సరిగ్గా తెలియదు, కాలికి మాత్రం బాగా తెలుస్తుంది. 9 నుంచి 11 మధ్య ఉంచితే మూడు రకాలూ బాగానే ఆడతాయి. బంతి మీద వాల్వ్ పక్కన వేరే హద్దు రాసి ఉంటే దాన్నే పాటించండి. చాలా బంతుల మీద ఒత్తిడిని బార్ అనే ఇంకో కొలతలో రాస్తారు: 0.6 బార్ అంటే సుమారు 8.7 పీఎస్ఐ, 0.8 బార్ అంటే 11.6. నిబంధనల్లో 15.6 దాకా ఉంది కదా అని అంతవరకూ కొడితే కుట్టు మీద ఒత్తిడి పెరుగుతుంది, హెడ్డర్ కొట్టేవాడి తల దిమ్మెక్కుతుంది. గాలి తక్కువైనా నష్టమే. తన్నినప్పుడల్లా బంతి మరీ లోపలికి నొక్కుకుపోయి లైనింగ్, బ్లాడర్ రెండూ మడతపడి రాసుకుంటాయి.

ఉష్ణోగ్రత సంగతి చాలామంది లెక్కలోకి తీసుకోరు. 25 డిగ్రీల గదిలో 10 పీఎస్ఐ కొట్టిన బంతి 5 డిగ్రీల చలిలోకి వెళ్తే గేజ్ మీద సుమారు 8.3 చూపిస్తుంది. అదే బంతి ఎండలో నిలిపిన కారు డిక్కీలో 60 డిగ్రీలకి చేరితే 13 దగ్గరికి వెళ్తుంది. గాలి ఎవరూ తీయలేదు, ఎవరూ కొట్టలేదు. అమెరికన్ ఫుట్‌బాల్‌లో 2015 జనవరిలో రేగిన డిఫ్లేట్‌గేట్ రచ్చంతా ఈ లెక్క చుట్టూనే తిరిగింది. అక్కడ బంతిలో 12.5 నుంచి 13.5 పీఎస్ఐ ఉండాలి, పేట్రియట్స్ జట్టు బంతుల్లో తక్కువుంది. చలి వల్లా, ఎవరైనా తీశారా అని ఫిజిక్స్ ప్రొఫెసర్లు దాకా వాదించుకున్నారు. చివరికి జట్టుకి పది లక్షల డాలర్ల జరిమానా, ఆ జట్టు క్వార్టర్‌బ్యాక్ (బంతి విసిరే ముఖ్య ఆటగాడు) టామ్ బ్రేడీకి నాలుగు మ్యాచ్‌ల సస్పెన్షన్ పడ్డాయి. రచ్చ రేగిన ఆ సెమీస్ మ్యాచ్‌ని పేట్రియట్స్ 45-7తో గెలిచిందని గుర్తొస్తే మాత్రం గాలి మీద ఇంత గోలెందుకో అనిపిస్తుంది.

ఎత్తు కూడా ఇలాగే. బొలీవియా లా పాజ్ స్టేడియం సముద్రమట్టానికి సుమారు 3,600 మీటర్ల ఎత్తున ఉంది. సముద్రతీరంలో 10 పీఎస్ఐ కొట్టిన బంతిని అక్కడికి పట్టుకెళ్తే బయటి గాలి పలచబడ్డందువల్ల గేజ్ 15 దరిదాపుల్లో చూపిస్తుంది. పలచని గాలిలో బంతి ఆగదు కూడా. 2009 ఏప్రిల్ 1న మారడోనా కోచ్‌గా ఉన్న అర్జెంటీనా అక్కడ 6-1తో ఓడింది. తారీఖు చూసి చాలామంది ఆటపట్టిస్తున్నారనుకున్నా ఆశ్చర్యం లేదు. కొండ ప్రాంతానికి ఆడటానికి వెళ్లేటప్పుడు గాలి అక్కడికి చేరాకే సరిచూసుకోండి.

గాలి కొట్టే పద్ధతిలోనే సగం వాల్వ్‌లు పోతాయి. పొడి సూది గుచ్చితే వాల్వ్ లోపలి రబ్బరు పెదవి చిరుగుతుంది. సూదికి ఒక చుక్క గ్లిజరిన్ గాని సిలికాన్ నూనె గాని రాసి, నిటారుగా, మెల్లగా తిప్పుతూ దించాలి. ఇంజిన్ ఆయిల్, వాసెలిన్ లాంటి పెట్రోలియం సరుకు రాయొద్దు, రబ్బరు ఉబ్బి మెత్తబడుతుంది. సూది అడ్డంగా ఆనితే బలవంతంగా తోయకండి, బ్లాడర్ అవతలి గోడకి బొక్క పడుతుంది. టైర్లకి గాలి కొట్టే కంప్రెసర్ వాడితే రెండు సెకన్లలో హద్దు దాటుతుంది. చేతి పంపే మేలు. గేజ్ కూడా 0 నుంచి 20 పీఎస్ఐ చూపే చిన్నది తీసుకోండి, టైర్ల గేజ్‌లో ఈ అంకెలు అడుగున ఇరుక్కుని సరిగ్గా కనపడవు. గేజ్ గుచ్చిన ప్రతిసారీ కాస్త గాలి పోతుంది కాబట్టి అర పీఎస్ఐ ఎక్కువే కొట్టుకోవచ్చు.

గాలి దిగుతున్న బంతికి ముందు వాల్వ్ మీద సబ్బు నీటి చుక్క వేయండి. బుడగ లేస్తే వాల్వ్ లోపం. గ్లిజరిన్ చుక్క లోపలికి పంపి ఒక రాత్రి ఉంచితే ఎండిన వాల్వ్ చాలాసార్లు మూసుకుంటుంది. బుడగ రాకపోతే బంతిని బకెట్ నీళ్లలో ముంచి తిప్పి చూడాలి. లోపల పోసే సీలెంట్ ద్రవాలు చిన్న ముల్లు బొక్కలకి పనిచేస్తాయి, కానీ ఆ ద్రవం ఒకవైపు పేరుకుని ఆరితే బంతి ఎగిరినప్పుడు కుంటుతుంది. చేతి కుట్టు బంతికైతే వాల్వ్ పక్క ముక్క కుట్టు విప్పి బ్లాడర్ మార్చవచ్చు. అతికించినదానికి ఆ అవకాశం లేదు, నాకు చేతి కుట్టు మీద మొగ్గుకి ఇదే పెద్ద కారణం.

చిప్ పెట్టిన బంతుల మోజు కూడా ఉంది. 2022 ప్రపంచకప్ అల్ రిహ్లాలో సెకనుకి 500 సార్లు కదలికను నమోదు చేసే సెన్సర్ ఉండేది, మ్యాచ్ ముందు బంతుల్ని ఫోన్లలా చార్జింగ్ పెట్టిన ఫొటోలు చూసి అందరూ నవ్వుకున్నారు. ఉరుగ్వే మీద గోల్ తనదేనని రొనాల్డో చేతులెత్తి పరిగెత్తినా, సెన్సర్‌లో అతని తల తగిలిన జాడ లేదు, గోల్ బ్రూనో ఫెర్నాండెస్ ఖాతాలోకే వెళ్లింది. వీధి మ్యాచ్‌కి ఆ సెన్సర్ అక్కర్లేదు, తగవు తీర్చేవాళ్లు ఎప్పుడూ ఎక్కువే ఉంటారు. ఆ డబ్బు లైనింగ్ పొరల మీద పెట్టండి.

మ్యాచ్ మధ్యలో బంతి పాడైతే ఆట ఆపి, కొత్త బంతితో డ్రాప్‌బాల్ వేస్తారు, అంటే రిఫరీ బంతిని చేత్తో నేల మీదికి వదిలి ఆట మళ్లీ మొదలెడతాడు. పెనాల్టీ కొట్టాక బంతి ఎవరికీ, గోల్‌పోస్టుకీ తగలకముందే పేలితే పెనాల్టీ మళ్లీ కొట్టాలి. 2009 అక్టోబరులో సండర్లాండ్ ఆటగాడు డారెన్ బెంట్ కొట్టిన బంతి, మైదానంలో పడి ఉన్న బీచ్ బంతికి తగిలి లివర్‌పూల్ గోల్‌లోకి పోతే రిఫరీ గోల్ ఇచ్చేశాడు. నిజానికి అక్కడా డ్రాప్‌బాలే వేయాలి. మీ టోర్నీలో రిఫరీగా కుర్రవాడెవరినైనా నిలబెట్టేముందు ఈ మూడూ ఒకసారి చెప్పి పంపండి, రెండో బంతికి గాలి కొట్టి గీత బయట సిద్ధంగా ఉంచండి, జేబులో రెండు సూదులు అదనంగా వేసుకోండి. సూది ఎప్పుడూ హాఫ్‌టైమ్‌లోనే విరుగుతుంది.