బెంజ్ 3.0 వీ6 డీజిల్ ఓఎం642: ఇంజిన్ గట్టిదే, చూడాల్సింది దాని నడిమధ్యన

సెకండ్ హ్యాండ్‌లో ఎంఎల్ 350, జీఎల్ 350, జీఎల్ఎస్ 350డీ, పాత ఎస్ క్లాస్, ఇలాంటివి చూస్తున్న వాళ్ళందరికీ చివరికి తగిలేది ఒకటే ఇంజిన్, మెర్సిడెస్ ఓఎం642, మూడు లీటర్ల వీ6 డీజిల్. బండ్ల మీద రివ్యూలు బోలెడు దొరుకుతాయి, సీటు మెత్తగా ఉంది సన్‌రూఫ్ పెద్దగా ఉంది అని, కానీ పదేళ్ళ బెంజ్‌లో మన జేబు సంగతి తేల్చేది సన్‌రూఫ్ కాదు కదా, అందుకే ఇది ఒట్టి ఇంజిన్ రివ్యూ. నా అభిప్రాయం ముందే చెప్పేస్తున్నా: ఇంజిన్ లోపలి ఇనుము చాలా గట్టిది, గొడవంతా దాని మీద, దాని చుట్టూ తగిలించిన సామాన్లతోనే. క్రాంకు, పిస్టన్లు పోయి మూలపడ్డ 642లు తక్కువ, చిన్న రబ్బరు సీళ్ళు కారి ఓనర్‌ని ఏడిపించినవే ఎక్కువ.

కొంచెం పుట్టుపూర్వోత్తరాలు. 2005లో వచ్చింది ఇది, అంతకుముందున్న వరస ఐదు, వరస ఆరు సిలిండర్ల డీజిళ్ళ రెండింటి ప్లేసులో ఈ ఒక్కటే పెట్టారు. 2987 సీసీ, బోరు 83 మిల్లీమీటర్లు, స్ట్రోకు 92, అల్యూమినియం బ్లాకు లోపల ఇనుప లైనర్లు, 24 వాల్వులు, రెండు వరసల మధ్య కోణం 72 డిగ్రీలు. మామూలుగా వీ6కి 60 గానీ 90 గానీ పెడతారు, వీళ్ళు 72 పెట్టి వణుకు తగ్గడానికి వీ మధ్యలో ఒక బ్యాలెన్స్ షాఫ్ట్ తిప్పారు. ఇంజెక్షన్ బాష్ కామన్ రైలు, పీజో ఇంజెక్టర్లు, మొదట్లో 1600 బార్ ప్రెషర్. వేరియబుల్ వేన్ టర్బో ఒకటే, అదీ వీ మధ్యలో వెనకవైపు ఎక్కి కూర్చుంటుంది. టైమింగ్ చెయిన్‌తో నడుస్తుంది, బెల్టు లేదు, కాబట్టి లక్ష కిలోమీటర్లకోసారి బెల్టు మార్చే ఖర్చు లేదు.

పవర్ సంగతికొస్తే ఒకే ఇంజిన్‌ని రకరకాల ట్యూనుల్లో అమ్మారు. ఈ280 సీడీఐలో 190 హార్స్‌పవరు 440 న్యూటన్ మీటర్లు, రెండో తరం ఎంఎల్ 350 సీడీఐ, మొదటి తరం జీఎల్ 350 సీడీఐల్లో 224 హార్స్‌పవరు 510 ఎన్ఎం, ఆ తర్వాతి ఎంఎల్, జీఎల్ఎస్ 350డీ, 2017 ఈ350డీ, వీటిల్లో 258 హార్స్‌పవరు 620 ఎన్ఎం. ఈ 620 అనేది 1600 నుంచి 2400 ఆర్‌పీఎం మధ్యలోనే మొత్తం దొరికేస్తుంది, అదీ దీని అసలు మజా. మా కజిన్ దగ్గరున్న ఎంఎల్ 350లో శ్రీశైలం వెళ్ళొచ్చాం, మన్ననూరు దాటాక ఘాట్ మలుపుల్లో రెండు టన్నుల పైన బరువున్న బండి, లోపల ఆరుగురం, సామాన్లు, అయినా ముల్లు 2000 దాటకుండా ఎక్కేస్తుంది, గేరు మారినట్టు కూడా తెలీదు. లోపల కూర్చుంటే డీజిల్ అనిపించదు, బయట నిలబడితే మాత్రం ఇంజిన్ చల్లగా ఉండగా స్టార్ట్ చేస్తే కొంచెం టకటక వినపడుతుంది, అది మామూలే. మైలేజీ హైవే మీద 11, 12 వస్తుంది, సిటీలో అడక్కండి.

ఇప్పుడు ఏ బండిలో ఉంది ఏ బండిలో లేదు అన్న గందరగోళం, బ్రోకర్లు ఎక్కువ బురిడీ కొట్టించేది ఇక్కడే, కొంతమందికి నిజంగానే తెలీదు కూడా. వెనక డిక్కీ మీద రాసింది చూసి ఇంజిన్ డిసైడ్ చేయొద్దు. ఈ250 సీడీఐ, సీ220 సీడీఐ, ఎంఎల్ 250, జీఎల్ఈ 250డీ ఇవన్నీ నాలుగు సిలిండర్ల 2143 సీసీ ఓఎం651, అది వేరే కథ, దాని జబ్బులు వేరు. ఎస్350డీ అని ఒకే పేరుతో రెండు ఇంజిన్లు ఉన్నాయి, 2018లో మన దగ్గర వచ్చిన ఫేస్‌లిఫ్ట్ ఎస్350డీలో కొత్త వరస ఆరు సిలిండర్ల ఓఎం656 పెట్టారు, దానికి 286 హార్స్‌పవరు, అంతకుముందు ఎస్350డీ, ఎస్350 సీడీఐల్లో 642. ఈ350డీ కూడా అంతే, 2017లో వచ్చినప్పుడు 642, తర్వాత 656 అయిపోయింది. జీఎల్ఎస్ 350డీ అయితే 642, జీఎల్ఎస్ 400డీ అయితే 656. ఆర్‌సీలో సీసీ చూస్తే చాలు, 2987 ఉంటే 642, 2925 ఉంటే 656.

బెంజ్ కాకుండా ఇంకో రెండు మూడు బండ్లలో కూడా ఇదే ఇంజిన్ ఉంది, డైమ్లర్, క్రైస్లర్ కలిసున్న రోజుల్లో జీప్ గ్రాండ్ చెరోకీ 3.0 సీఆర్‌డీకి, క్రైస్లర్ 300సీకి ఇచ్చారు. అయితే మన దగ్గర 2016లో లాంచ్ అయిన గ్రాండ్ చెరోకీ డీజిల్ కూడా మూడు లీటర్ల వీ6 అనేసరికి అదీ బెంజ్ ఇంజినే అని కొందరు అమ్మకానికి రాసేస్తుంటారు, కాదండీ, అది ఇటలీ వీఎం మోటోరి వాళ్ళది, ఒక్క బోల్టు కూడా దీనికి కలవదు.

ఇక అసలు విషయం, ఆయిల్ కూలర్ లీకు. ఈ ఇంజిన్‌కి ఇంజిన్ ఆయిల్ చల్లబరిచే కూలర్‌ని వీ లోయలో, అంటే రెండు సిలిండర్ల వరసల మధ్య ఖాళీలో, అడుగున పెట్టారు, దాని పైన ఇన్‌టేక్ మానిఫోల్డు, దాని పైన టర్బో, పైపులు. ఎప్పుడూ కాలిపోతూ ఉండే చోటు అది. ఆ కూలర్ కింద చిన్న రబ్బరు సీళ్ళు ఉంటాయి, మొదట్లో వచ్చినవి నారింజ రంగువి, ఆ వేడికి కొన్నేళ్ళకి గట్టిపడి పెళుసెక్కి పగిలిపోతాయి, ఆయిల్ లోయలో నిండి వెనక్కి కారి గేర్‌బాక్స్, ఇంజిన్ కలిసే చోట కిందకి బొట్లు బొట్లుగా పడుతుంది. కింద నుంచి చూసిన మెకానిక్ క్రాంకు వెనక సీలు పోయింది సార్ గేర్‌బాక్స్ దించాలి అంటాడు, దించుతారు, సీలు వేస్తారు, నెల తర్వాత మళ్ళీ అదే చోట ఆయిల్. ఎందుకంటే లీకు పైన ఉంది, కనపడేది కింద. ఇది ప్రపంచమంతా ఈ ఇంజిన్‌కి జరిగిన తప్పుడు డయాగ్నసిసే, కాబట్టి గేర్‌బాక్స్ దించే ముందు లోయలోకి టార్చి వేసి, వీలైతే చిన్న కెమెరా దూర్చి చూడమనండి, ఆయిల్ నిలిచి ఉంటే విషయం తేలిపోతుంది.

2010 ఆ ప్రాంతం నుంచి ఊదా రంగు వైటాన్ సీళ్ళు వస్తున్నాయి, వేడికి బాగా తట్టుకుంటాయి, వేయించుకుంటే అవే వేయించుకోవాలి. సీళ్ళ ఖరీదు ఏమంత కాదు, లేబరే, టర్బో తీయాలి మానిఫోల్డ్ తీయాలి ఇంజెక్టర్ పైపులు కదపాలి, తెలిసిన చెయ్యికి కూడా దాదాపు రెండు రోజుల పని. అందుకే ఆ పని చేయించినప్పుడు ఇన్‌టేక్ గాస్కెట్లు, టర్బో ఇన్‌లెట్ సీలు, థర్మోస్టాట్ ఇవన్నీ ఒకేసారి మార్పించేస్తే మళ్ళీ విప్పే బాధ తప్పుతుంది. బండి కొనేటప్పుడు ఈ పని అయిందని బిల్లు చూపిస్తే ఆ బండికి కొంచెం ఎక్కువ ఇచ్చినా నష్టం లేదు.

రెండోది స్విర్ల్ ఫ్లాప్ మోటారు, సిలిండర్లలోకి పోయే గాలిని సుడి తిప్పే రెక్కల్ని కదిపేది. ఇది ఎలా పోతుందో తెలిస్తే నవ్వాలో ఏడవాలో తెలీదు. ఇంజిన్ బ్రీదర్ నుంచి వచ్చే ఆయిల్ ఆవిరి టర్బోలోకి వెళ్ళే పైపులో చేరుతుంది, అక్కడున్న సీలు వదులైతే ఆ ఆయిల్ బొట్లు బొట్లుగా కిందకి జారుతుంది, సరిగ్గా ఆ కిందే ఈ ఎలక్ట్రిక్ మోటారు పెట్టారు. ఆయిల్ తాగి తాగి మోటారు షార్ట్ అవుతుంది, దానితో పాటు అదే లైను పంచుకునే ఇంకొన్ని సెన్సార్లు కూడా తప్పు చూపిస్తాయి, చెక్ లైటు వెలుగుతుంది, బండి లింప్ మోడ్‌లోకి పోయి పికప్ చచ్చిపోతుంది. స్కానర్ పెడితే నాలుగైదు కోడ్లు వస్తాయి, ఒక్కో సెన్సారు మార్చుకుంటూ పోయేవాళ్ళు పోతుంటారు, మూలం ఒక చిన్న సీలు. దీనికి షార్ట్‌కట్‌గా మోటారు పీకేసి ఆ ప్లగ్గులో ఒక రెసిస్టర్ పెట్టి కంప్యూటర్‌ని మోసం చేస్తారు, లైటు ఆరిపోతుంది, బండి నడుస్తుంది. కొనే ముందు ఎయిర్ పైపు తీయించి ఆ చోటు చూడండి, మోటారు ప్లగ్గుకి రెసిస్టర్ వేలాడుతుంటే ఆ బండిని ఇన్నాళ్ళూ ఎలా చూసుకున్నారో అర్థమైపోతుంది, మిగతా చోట్ల కూడా అలాంటి పనులే చేసి ఉంటారు.

మూడోది మన సిటీ వాళ్ళకి ముఖ్యమైంది, డీపీఎఫ్, అంటే పొగలోని మసిని పట్టుకునే ఫిల్టరు. రోజూ జూబ్లీహిల్స్ నుంచి బంజారాహిల్స్‌కి ఏసీ వేసుకుని పాక్కుంటూ వెళ్ళే బండికి మసి కాల్చుకునే టైమే దొరకదు. వారానికోసారైనా ఓఆర్ఆర్ ఎక్కి అరగంట ఆగకుండా పోనిస్తే దాని పని అది చేసుకుంటుంది. దీనితో ముడిపడ్డదే థర్మోస్టాట్, ఈ ఇంజిన్‌లో అది తెరిచే ఉండిపోవడం చాలా మామూలు, హైవే మీద కూడా టెంపరేచర్ ముల్లు 70 దగ్గరే ఊగుతుంటే ఇంజిన్ సరిగ్గా వేడెక్కట్లేదని, వేడెక్కకపోతే డీపీఎఫ్ శుభ్రం కాదు. ఓవర్‌హీట్ అవ్వట్లేదు కదా మంచిదే అనుకుంటారు మనవాళ్ళు, మంచిది కాదు. గ్లో ప్లగ్గులు (స్టార్ట్‌కి ముందు సిలిండర్లని వేడి చేసేవి) పోయినా మన ఎండలకి బండి స్టార్ట్ అవుతుంది కాబట్టి ఎవరూ పట్టించుకోరు, ఆ కోడ్ ఉన్నా డీపీఎఫ్ మసి కాల్చుకోవడం (రీజనరేషన్) ఆగిపోతుంది. మార్చేటప్పుడు ఇంజిన్ వేడిగా ఉండగా నిదానంగా విప్పాలి, చల్లగా ఉన్నప్పుడు బలంగా తిప్పితే హెడ్డులోనే విరిగిపోతాయి.

మిగతావి క్లుప్తంగా. తొలి ఏడాదుల బండ్లలో ఎగ్జాస్ట్ మానిఫోల్డ్ లోపలి రేకు ముక్కలు ఊడి టర్బోలోకి పోయి వేన్లు పాడుచేసిన కేసులున్నాయి. ఇంజెక్టర్ కింద రాగి వాషర్ లీకైతే ఛఫ్ ఛఫ్ అని శబ్దం, చుట్టూ తారు లాంటి నల్ల మడ్డి, తొందరగా పట్టుకుంటే చిన్న పని, వదిలేస్తే ఇంజెక్టర్ హెడ్డుకి అతుక్కుపోతుంది. ఆయిల్ మాత్రం ఎంబీ 229.51 గానీ 229.52 గానీ రాసున్నదే పోయాలి, 8 లీటర్లకి అటూ ఇటూగా పడుతుంది, మామూలు డీజిల్ ఆయిల్ పోస్తే దాని బూడిద డీపీఎఫ్‌లో పేరుకుపోతుంది, ఆ బూడిద కాల్చినా పోదు.

ఇంజిన్ మార్పిడి గురించి అడిగేవాళ్ళ కోసం. కటింగ్ బండ్ల (పార్టుల కోసం విడగొట్టినవి) నుంచి తీసిన 642లు మార్కెట్లో తిరుగుతుంటాయి, అన్నీ 642లే కదా అని ఏదైనా ఎక్కదు. ఇంజిన్ నంబర్ మొదటి ఆరు అంకెలు చూడండి, 642920 అయితే పాత ఈ క్లాస్ నుంచి, 642940 అయితే రెండో తరం ఎంఎల్, మొదటి తరం జీఎల్ నుంచి, 642930 పాత ఎస్ క్లాస్, 642826 తర్వాతి ఎంఎల్. సంప్, మౌంట్లు, పైపులు, ఇంజెక్షన్ సామాన్లు తేడాలుంటాయి, ఇంజిన్ కంప్యూటరు బండి తాళానికి ముడిపడి ఉంటుంది కాబట్టి వేరే బండి కంప్యూటర్ పెడితే సెల్ఫ్ కూడా తిరగదు. ఆర్‌సీలో ఇంజిన్ నంబర్ మార్పించడం ఇంకో పని.

ఢిల్లీ బండ్ల గురించి కూడా ఒక మాట, ఎందుకంటే హైదరాబాద్‌లో చవగ్గా దొరికే 350ల్లో చాలా వరకు అక్కణ్ణుంచి వచ్చినవే. పదేళ్ళు దాటిన డీజిల్ బండ్లు ఢిల్లీ చుట్టుపక్కల తిరగొద్దని ఎన్‌జీటీ (జాతీయ హరిత ట్రిబ్యునల్) 2015లో ఆర్డర్ ఇచ్చింది, 2018లో సుప్రీంకోర్టు కూడా అదే చెప్పింది, అప్పట్నుంచి అక్కడి ధరలు పడిపోయాయి. ఎన్ఓసీ, ఇక్కడి లైఫ్ ట్యాక్స్ కలిపి లెక్కేస్తే ఆ చవక సగం ఆవిరైపోతుంది, అది వేసుకున్నాకే బేరం ఆడండి. ఇంకోటి, 2015 డిసెంబర్ నుంచి 2016 ఆగస్టు దాకా ఢిల్లీ చుట్టుపక్కల 2000 సీసీ, ఆ పైన ఉన్న కొత్త డీజిల్ కార్ల రిజిస్ట్రేషనే సుప్రీంకోర్టు ఆపేసింది. కాబట్టి 2016 ఏప్రిల్ ఢిల్లీ రిజిస్ట్రేషన్ జీఎల్ఎస్ 350డీ అని ఎవరైనా చూపిస్తే కాగితాలు రెండుసార్లు చూడండి.

అమెరికాలో ఉన్న మనవాళ్ళు జీఎల్ 350 బ్లూటెక్ చవగ్గా ఉందని అడుగుతుంటారు, అక్కడివాటికి పైన చెప్పినవి కాక యాడ్‌బ్లూ (పొగ శుభ్రం చేయడానికి వాడే యూరియా ద్రవం) ట్యాంకు హీటరు, నాక్స్ (పొగలోని నైట్రోజన్ ఆక్సైడ్లు) సెన్సార్ల గోల అదనం. పొగ విషయంలో సాఫ్ట్‌వేర్ మాయ చేశారని అక్కడి ప్రభుత్వం పెట్టిన కేసులో డైమ్లర్ 2020లో 150 కోట్ల డాలర్లకి సెటిల్ చేసుకుంది, దాని కింద బండ్లకి సాఫ్ట్‌వేర్ అప్‌డేట్, కొన్ని పార్టులకి పొడిగించిన వారంటీ ఇచ్చారు. ఆ అప్‌డేట్ అయిందా, వారంటీ ఇంకా ఎన్నాళ్ళుంది అని బండి వీఐఎన్ (ఛాసిస్) నంబర్ ఇచ్చి డీలర్ దగ్గర కనుక్కున్నాకే డబ్బు కట్టండి.