పాత స్విఫ్ట్ డీజిల్‌కు ఏ టర్బో వేయించాలి? కొన్నేళ్లు నడిపాక నా సమీక్ష

పాత డీజిల్ బండికి టర్బో (ఎగ్జాస్ట్‌తో తిరుగుతూ ఇంజిన్‌లోకి ఎక్కువ గాలి తోసే భాగం) మార్చాల్సి వస్తే కంపెనీ ఇచ్చిన సైజే వేయించండి. పెద్దది వద్దు. ఇంకో మోడల్ నుంచి తీసిన వీజీటీ, అంటే లోపలి రెక్కలు అవసరాన్ని బట్టి తెరుచుకుని మూసుకునే టర్బో కూడా వద్దు. నా 2010 స్విఫ్ట్ డీడీఐఎస్‌కు మొదట ఉన్న కేపీ35 రకమే కొత్తది వేయించి కొన్నేళ్లయింది. ఆఫీసు ట్రాఫిక్‌లో, విజయవాడ హైవే మీద, శ్రీశైలం ఘాట్‌లో బాగా తిప్పాను కాబట్టి ధైర్యంగా చెబుతున్నా.

పాత టర్బో ముందు కూత పెట్టడం మొదలుపెట్టింది. తర్వాత ఫ్లైఓవర్ ఎక్కేటప్పుడు వెనకాల నీలం పొగ, డిప్‌స్టిక్ మీద ఆయిల్ తగ్గడం. ఆటోనగర్‌లో విప్పించాం. అక్కడి పెద్దాయన ఇంజిన్‌కు గాలి తీసుకెళ్లే రబ్బరు పైపులనూ, ఇంజిన్ లోపలి ఆవిర్లు బయటికి పోయే బ్రీదర్‌నూ ముందు చూశారు. అది నాకు బాగా నచ్చింది. పైపు పగిలినా పికప్ పోతుంది, బ్రీదర్ మూసుకుపోయినా టర్బోలో ఆయిల్ కనిపిస్తుంది. చాలా షాపుల్లో అవి చూడకుండానే టర్బో పోయిందని చెప్పేస్తారు.

అవి బాగానే ఉన్నాయని తేలాక టర్బో లోపలి ఇరుసును, అదే షాఫ్ట్‌ను రెండు వేళ్లతో పట్టుకుని ఊపి చూపించారు. పక్కలకు కాస్త ఊగితే భయపడనక్కర్లేదు. నడిచేటప్పుడు అది ఆయిల్ పొర మీద తేలుతూ తిరుగుతుంది, ఆయిల్ లేనప్పుడు ఆ కాస్త ఆట సహజం. ముందుకూ వెనక్కూ మాత్రం వేలికి తెలిసేంత కదలకూడదు. నాది టక్కుమని కదిలింది. గాలిని నొక్కి పంపే కంప్రెసర్ రెక్కల అంచులు హౌసింగ్‌కు రాసుకుని తళతళలాడుతున్నాయి. ఇక అనుమానం లేదు.

అక్కడి కుర్రాడు "పెద్దది వేద్దాం అన్నా, పికప్ మస్తుంటది" అన్నాడు. చాలామంది ఈ మాటకే పడిపోతారు. లెక్క వేసుకుంటే సంగతి తెలుస్తుంది. ఇది 1248 సీసీ ఇంజిన్, రెండు చుట్లకు ఒకసారి అంత గాలి పీల్చుకుంటుంది. టర్బో సంగతి పక్కనపెడితే 4000 ఆర్‌పీఎం దగ్గర నిమిషానికి దాదాపు 2500 లీటర్లు, 1500 దగ్గర 940 లీటర్లకు కాస్త తక్కువ. మెహిదీపట్నం నుంచి గచ్చిబౌలి వెళ్లేటప్పుడు మనం ఉండేది ఎక్కువగా 1500కీ 2000కీ మధ్యే. ఆ కొద్దిపాటి ఎగ్జాస్ట్‌తో పెద్ద టర్బైన్ తిరగడానికి చాలాసేపు పడుతుంది. ఈలోపు యాక్సిలరేటర్ తొక్కితే డీజిల్ పడుతుంది, సరిపడా గాలి అందదు, నల్ల పొగ వస్తుంది. పెద్ద టర్బో పనిచేసేది పై ఆర్‌పీఎంలో, మన బండి రోజూ ఉండేది కింద. అలాగని మరీ చిన్నది వేసినా హైవే మీద హద్దు మించి తిరిగి వేడెక్కుతుంది.

హైదరాబాద్ సముద్ర మట్టానికి సుమారు 540 మీటర్ల ఎత్తులో ఉంది. ఇక్కడ గాలి పీడనం తీరప్రాంతం కంటే ఆరు శాతం దాకా తక్కువ. దానికి మే నెల ఎండ తోడైతే గాలి ఇంకా పలచబడుతుంది, అదే బూస్ట్ (గాలిని నొక్కి పంపే ఒత్తిడి) కోసం టర్బో ఇంకాస్త కష్టపడాలి. కంపెనీ వాళ్లు ఇలాంటివన్నీ చూసుకునే సైజు పెడతారు. మనం దాన్ని కదపడం నాకైతే ఇష్టం లేదు.

వీజీటీ సంగతి వేరు, అది నిజంగా మంచి టెక్నాలజీ. ఎర్టిగా, సియాజ్‌లలో ఇదే 1248 సీసీ ఇంజిన్ వీజీటీతో 90 హార్స్‌పవర్ ఇచ్చింది, మన స్విఫ్ట్‌లో 75. తక్కువ స్పీడులో రెక్కలు దగ్గరగా మూసుకుని ఎగ్జాస్ట్‌ను వేగంగా తోస్తాయి, అందుకే లాగ్, అంటే తొక్కాక పికప్ అందుకునేలోపు ఆలస్యం తగ్గుతుంది. కానీ ఆ రెక్కలను ఎప్పుడు ఎంత తెరవాలో ఈసీయూ (ఇంజిన్ కంప్యూటర్) చెప్పాలి. మన 75 బండిలో ఉన్నది బూస్ట్ ఒత్తిడికి తనంతట తానే తెరుచుకుని, ఎక్కువైన ఎగ్జాస్ట్‌ను పక్కకు వదిలే వేస్ట్‌గేట్. వీజీటీ పెట్టాలంటే ఈసీయూ, వైరింగ్, ట్యూనింగ్ అన్నీ కదపాలి. ఆ డబ్బుకు నేను సస్పెన్షన్ మొత్తం చేయించుకుంటాను.

ఇక లోకల్ కోర్ (టర్బో మధ్యలో తిరిగే భాగం) చాలా తక్కువకే దొరుకుతుంది. మా బావ బండికి వేరే షాపులో అదే వేశారు, పాత ఆయిల్ ఫీడ్ పైపు మాత్రం అలాగే వదిలేశారు. కొన్నాళ్లకే మళ్లీ పోయింది. ఆ పైపును కోసి చూస్తే లోపల మాడి గట్టిపడిన ఆయిల్, అగ్గిపుల్ల కూడా దూరనంత సందు. నిమిషానికి రెండు లక్షల చుట్లకు పైగా తిరగగల వస్తువుకు అంత సందులోంచి ఆయిల్ అందితే ఏ కోరైనా ఎంతకాలం ఉంటుంది? పాపం, వాడు అన్యాయంగా రెండోసారి ఖర్చు పెట్టుకున్నాడు. నా బండికి పైపు, దాన్ని బిగించే బాంజో బోల్టు, వాషర్లు, ఆయిల్, ఫిల్టర్ అన్నీ కొత్తవి వేయించాను. స్టార్ట్ చేసే ముందు టర్బోలో కాస్త ఆయిల్ పోయించాను.

ఇన్నేళ్ల వాడకంలో నీలం పొగ మళ్లీ రాలేదు, సర్వీసుకూ సర్వీసుకూ మధ్య ఆయిల్ పోయాల్సిన అవసరం రాలేదు. 2000 లోపు లాగ్ మాత్రం అలాగే ఉంది. జూబ్లీహిల్స్ ఎత్తుల్లో గేర్ తగ్గించక తప్పదు, కొత్త టర్బో వేస్తే అది పోతుందని ఎవరైనా చెబితే నమ్మొద్దు. 2000 దాటాక మాత్రం బండి కొత్తలో లాగినట్టే లాగుతోంది. ఆయిల్ మాన్యువల్‌లో చెప్పిన గ్రేడే, గడువు కంటే కాస్త ముందే మారుస్తాను. ఘాట్ ఎక్కాక వెంటనే ఆఫ్ చేయకుండా ఒక నిమిషం ఐడిల్‌లో ఉంచుతాను. వేడి టర్బైన్ పక్కన ఆయిల్ కదలకుండా నిలబడితేనే అలా మాడి గట్టిపడేది.

కొత్తది కొనే స్తోమత లేకపోతే రీకండిషన్ చేయించుకోవచ్చు, తప్పేం లేదు. కాకపోతే పాత టర్బో ప్లేటు మీది పార్ట్ నంబర్ ఫోటో తీసుకుని వెళ్లండి, కోర్‌ను హైస్పీడ్ మెషీన్ మీద బ్యాలెన్స్ చేసిన ప్రింటవుట్ అడగండి. అది ఇవ్వలేని షాపులో బండి వదలొద్దు.