రెండంగుళాల బిల్లు మిషన్: సంత దుకాణానికి ఎంతవరకు పనికొస్తుంది?

ఒడిశాలోని పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ వైపు సంతల్లో తిండి సరుకులు అమ్మేవాళ్లకి ఇప్పుడు అరచేతిలో పట్టే బిల్లు మిషన్లు అంటగడుతున్నారు. బ్రాండు ఏదైనా సరంజామా దాదాపు ఒకటే: 57 మిల్లీమీటర్ల థర్మల్ కాగితం చుట్ట, వరుసకి 32 అక్షరాలు, ముందే నింపిన సరుకుల జాబితా. కూడికలు తప్పవు, రద్దీలో చెయ్యి ఆగదు. ఆ మేరకు వంక పెట్టడానికి లేదు. చిక్కంతా ఆ నింపిన జాబితాలోనే ఉంది. సరుకు పేరు నొక్కగానే జీఎస్టీ రేటు దానంతటదే పడిపోతుంది. సంత సరుకు పన్నేమో పేరు ఒక్కదాన్నే చూసి రాదు. విడిగా తూచారా, పేకెట్టు ఇచ్చారా, అమ్మింది రైతా వర్తకుడా అన్నవీ చూడాలి.

చోడి (రాగి) పిండే తీసుకోండి. కొనేవాళ్ల ఎదుట తూచి పోస్తే పన్ను లేదు. అదే పిండి ముందే కిలో చొప్పున కట్టి పెడితే 5 శాతం. బియ్యం, పప్పులు, బెల్లం, తేనె, మరమరాలు అన్నిటికీ 2022 జులై 18 నుంచి ఇదే పద్ధతి. లేబుల్ అంటించకపోతే లూజు కిందే లెక్క అని కొందరు సలహా ఇస్తారు, నమ్మకండి. తూనికలు కొలతల చట్టం ప్రకారం ఆ పేకెట్టుకి లేబుల్ ఉండి తీరాలంటే, అంటించకపోయినా పన్ను పడుతుంది. 25 కిలోలు దాటిన బస్తాకి ఇది వర్తించదు. చిన్న బస్తా విప్పి తూచి అమ్మినా అది లూజే. కాబట్టి మిషన్‌లో ప్రతి సరుకునీ రెండుసార్లు ఎక్కించాలి. గుర్తు పేరు చివర పెట్టకండి, వరుస చాలక తెగిపోతుంది. లూజుకి ఎల్, పేకెట్టుకి పి అని పేరు ముందే పెట్టండి.

రెండుసార్లు ఎక్కించినా లొంగని సరుకులు కొన్ని ఉన్నాయి. పచ్చి పసుపు, పచ్చి అల్లం మీద పన్ను లేదు. ఎండు పసుపు, శొంఠి లూజుగా అమ్మినా 5 శాతమే. బుధవారం చాటికోన సంతలో డోంగ్రియా ఆదివాసులు తమ కొండ పంట అమ్ముకుంటే జీఎస్టీ రిజిస్ట్రేషన్ అక్కర్లేదు, రైతుకి చట్టంలోనే మినహాయింపు ఉంది. వాళ్ల దగ్గర కొని మళ్లీ అమ్మే వర్తకుడికి ఆ మినహాయింపు రాదు. ఎండు చింతపండుకి 2019 నుంచి పన్ను లేదు. పాత జాబితాల్లో ఇంకా 5 కనిపిస్తే కొట్టేయండి. పెంకు తీయని జీడిపిక్కలు మరో తిరకాసు. రైతు నుంచి రిజిస్టరైన వర్తకుడు కొంటే 5 శాతం కట్టాల్సింది కొన్నవాడే. మిషన్‌కి అమ్మకం తప్ప కొనుగోలు తెలీదు, దానికి వేరే పుస్తకం పెట్టుకోవాల్సిందే.

జాబితా ఏనాటిదో కనిపెట్టడం తేలిక. ఊరగాయ, మిక్స్చర్ పేకెట్టు 12, బిస్కెట్లు 18 అని చూపిస్తే అది 2025 సెప్టెంబర్ 22కి ముందుది. ఈ మూడూ ఇప్పుడు 5. గ్యాసు కూల్‌డ్రింకులు 28, పైన సెస్సు అని ఉన్నా పాతదే. ఇప్పుడు మొత్తం 40. రేట్లు మనమే మార్చుకునే వీలున్న మిషనే కొనండి. ప్రతి మార్పుకీ అమ్మినవాణ్ణి పిలవాల్సి వస్తే అది దండగ బేరం.

ఇంతకన్నా పెద్ద తప్పు బిల్లు పైభాగంలో ఉంటుంది. చాలా మిషన్లు కొత్తగా వచ్చినప్పుడు అందరికీ ‘టాక్స్ ఇన్వాయిస్’ (పన్ను వసూలు చేసేవాళ్ల బిల్లు) అనే కొడతాయి. ఒడిశాలో సరుకులు మాత్రమే అమ్మేవాళ్లకి ఏడాదికి 40 లక్షల అమ్మకాల దాకా రిజిస్ట్రేషన్ అక్కర్లేదు. వండిపెట్టే టిఫిన్ బండికి ఆ గీత 20 లక్షలు. రిజిస్ట్రేషన్ లేనివాళ్లు పన్ను వసూలు చేయకూడదు. బిల్లు మీద 5 శాతం గీత పడిందంటే వసూలు చేసినట్టు మీరే కాగితం రాసిచ్చినట్టు. అలాంటివాళ్లు పన్ను సెట్టింగు పూర్తిగా ఆపేసి, పైన ఉత్త ‘బిల్లు’ అని పెట్టుకోవాలి. కాంపొజిషన్‌లో (అమ్మకాల మొత్తం మీద కొద్ది శాతం తామే కట్టేసే చిన్న వర్తకుల పద్ధతిలో) ఉన్నవాళ్లది ‘బిల్ ఆఫ్ సప్లై’. తాము పన్ను వసూలు చేయడానికి వీల్లేని కాంపొజిషన్ వర్తకులమన్న వాక్యం బిల్లు తలభాగంలోనే రావాలి. చాలా మిషన్లు దాన్ని అడుగున కొడతాయి.

రిజిస్టరైన దుకాణాలు ఇంకో రెండు మీటలు చూసుకోవాలి. ‘ఎక్స్‌క్లూజివ్’ (ధర మీద పన్ను అదనం) మీద ఉంచితే ఎమ్మార్పీ 100 ఉన్న పేకెట్టుకి 105 బిల్లు వస్తుంది, అది నేరం. ‘ఇన్‌క్లూజివ్’ (ధరలోనే పన్ను) పెడితే అదే వందని సరుకు ధర 95.24, కేంద్రం పన్ను (సీజీఎస్టీ) 2.38, రాష్ట్రం పన్ను (ఎస్జీఎస్టీ) 2.38గా విడగొడుతుంది. బిల్లు నంబరు రోజూ ఒకటి నుంచి మొదలయ్యే మిషన్ వద్దు. నంబర్లు వరుసగా సాగాలి, ఒక ఆర్థిక సంవత్సరంలో ఏ నంబరూ రెండోసారి రాకూడదు, 16 అక్షరాలు దాటకూడదు. 200 రూపాయల లోపు అమ్మకానికి, రిజిస్ట్రేషన్ లేని కొనుగోలుదారు అడగకపోతే విడి బిల్లు అక్కర్లేదు, సాయంత్రం మొత్తానికి ఒకటి కొడితే చాలు. కాగితం మిగులుతుంది.

సరిహద్దు వాళ్లు ‘కస్టమర్ వివరాలు’ మీట జోలికి పోకపోవడం మంచిది. 2023 అక్టోబర్ 1 నుంచి, రిజిస్ట్రేషన్ లేని కొనుగోలుదారు రాష్ట్రం పేరు బిల్లులో నమోదైతే సరుకు ఆ రాష్ట్రానికి పోయినట్టే లెక్క. పాతపట్నం నుంచి వచ్చి పర్లాకిమిడిలో ఊరగాయ కొన్నాయన రాష్ట్రం ఆంధ్రా అని నింపితే సీజీఎస్టీ, ఎస్జీఎస్టీ పోయి ఐజీఎస్టీ (రాష్ట్రం దాటిన అమ్మకం మీద పన్ను) పడుతుంది. కాంపొజిషన్ దుకాణానికైతే ఇంకా ముప్పు, వాళ్లు రాష్ట్రం బయటికి అమ్మకూడదు. ఖాళీగా వదిలేస్తే దుకాణమున్న ఒడిశాయే.

పార్వతీపురం నుంచి సరుకు తెచ్చి రాయగడ సంతలో అమ్మేవాళ్లకి ఏ మిషనూ అక్కరకు రాదు. కూరగాయల్లాంటి పన్ను లేని సరుకే అయితే బాధ లేదు. ఊరగాయో, కట్టిన బెల్లమో అయితే 40 లక్షల మినహాయింపు వర్తించదు. కనీసం అయిదు రోజుల ముందు ఒడిశాలో ‘క్యాజువల్ టాక్సబుల్ పర్సన్’గా (అప్పుడప్పుడు వచ్చి అమ్మే వర్తకుడిగా) రిజిస్టరై పన్ను ముందే జమ చేయాలి. అది 90 రోజులకి. అలా వచ్చే జీఎస్టీ నంబరు 21తో మొదలవుతుంది. మిషన్‌లో 37తో మొదలయ్యే ఆంధ్రా నంబరు ఉంచి బిల్లు కొడితే చెల్లదు.

ఒడియా, తెలుగు అక్షరాలు చాలావాటిలో ప్రశ్నార్థకాలుగా వస్తాయి; కొనేముందు ఒక బిల్లు కొట్టించి చూడండి. థర్మల్ అచ్చు ఎండకి నెలల్లోనే వెలిసిపోతుంది. చట్టమేమో వార్షిక రిటర్ను గడువు నుంచి 72 నెలలు లెక్కలు దాచమంటుంది. నెలవారీ రిపోర్టుని పెన్‌డ్రైవ్‌లోకో ఫోన్‌లోకో దించుకునే దారి లేని మిషన్‌ని ఎంత చవకగా ఇచ్చినా కొనొద్దు.